పదిహేడేళ్ల బీడు

అనంతపురం వైపు ఏ పల్లెకు వెళ్లినా ఊరి చివర ఇలాంటి చేలు కనిపిస్తాయి. గట్లు తెగిపోయి, కంప మొలిచి, మేకలు కాసేవాళ్లు తప్ప ఎవరూ అడుగుపెట్టని చేలు. ఎవరివని అడిగితే ‘ఫలానా వాళ్లవి, వాళ్లిప్పుడు బెంగుళూరులో ఉంటారు’ అంటారు. ఇలాంటి చేను మీ పుట్టింటి వైపో అత్తింటి వైపో ఒకటి ఉండే ఉంటుంది. పండక్కి వెళ్లినప్పుడు బస్సు కిటికీలోంచి ‘అదిగో, అది మనదే’ అని పిల్లలకు చూపించి వచ్చేస్తుంటారు కదూ!

ధర్మవరం దగ్గర మా మామగారి మూడెకరాల నలభై సెంట్లు కూడా అంతే. 2003 కరువులో మూడో బోరు కూడా పొడిదుమ్మే చిమ్మింది. ఆ ఏడు వేసిన శనక్కాయకు విత్తనం ఖర్చు కూడా తిరిగి రాలేదు. ఆయన ఎద్దులను అమ్మేసి, మడకను పశువుల పాకలో దూలానికి కట్టేశారు. మరో నాలుగేళ్లకు ఆయనా పోయారు. నేల అలాగే ఉండిపోయింది.

2020లో అది మళ్లీ గుర్తుకొచ్చింది. గొప్ప ఆశయమేమీ కాదు లెండి. లాక్‌డౌన్‌లో మావారి జీతం సగమైంది. ఆ సగం కూడా రెండు నెలలకోసారి. సరిగ్గా అప్పుడే బెంగుళూరు నుంచి మా మరిది ఫోను. ‘వదినా, ప్లాట్లు వేసేవాళ్లు మన చేను అడుగుతున్నారు. అమ్మేసి చెరి సగం తీసుకుందాం.’ అతనిది తప్పని నేననను. అతనికి ఇంటి లోను ఉంది, ఆ నేల మీద ఒక్క గింజ పండగా అతను పెద్దయ్యాక చూసింది లేదు. మా అత్తగారు మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి అతనే గడువు పెట్టాడు. ‘మూడేళ్లు చూడండి. ఇంటికి తిండిగింజలైనా వస్తే అప్పుడు మాట్లాడదాం. లేకుంటే బయానా తీసేసుకుంటాను.’

మూడేళ్లంటే ఎక్కువే అనిపిస్తుంది. బీడుకు అది చాలా తక్కువ.

జేసీబీ ఒక్కరోజు చాలన్నారు

ఊళ్లో అందరిదీ ఒకటే సలహా. జేసీబీ పెట్టి మొత్తం గీకించి, చదును చేయించి, ట్రాక్టరుతో నాలుగు సాళ్లు లోతుగా దున్నించమని. మా అత్తగారు ఒప్పుకోలేదు. ఆమె చదివింది మూడో తరగతి. కానీ చేలో అడుగు పెట్టగానే నాకు తెలియని లిపి చదువుతున్నట్టు మొక్కలు చదువుకుంటూ పోయింది. ‘ఈడ వెంపలి ఉండాది, మన్ను బాగుంటాది. ఈడ తంగేడు. ఈడ పల్లేరు తప్ప ఏమీ లేదు, పైమన్ను కొట్టుకపోయిండాది. నేల సచ్చిపోలేదు పాపా, పండుకోనుండాది.’

ఆ తర్వాత నేను పుస్తకాలు తిరగేస్తే ఆమె మాటలకు లెక్క దొరికింది. వెంపలి కాయజాతి మొక్క. వేర్లలో బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. పదిహేడేళ్లుగా ఎవరూ మందు చల్లకుండా, ఎవరూ కదిలించకుండా ఆకు రాలి, వేరు కుళ్లి, పైన రెండు వేళ్ల మందాన కాస్త నల్లమన్ను పేరుకుంది. జేసీబీ గీకితే ముందు పోయేది అదే.

కంప సంగతి వేరు. మనం సర్కారు తుమ్మ అని కూడా అంటామే, అది ఈ దేశపు చెట్టు కాదు. 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి మన పక్కనున్న కడప జిల్లాలోనే మొదట నాటారు. పైన కొడితే మరింత గుబురుగా చిగురిస్తుంది. మొదలుతో సహా తవ్వి తీయాల్సిందే. బొగ్గు కాల్చేవాళ్లు వచ్చి కట్టెలు తీసుకుని మాకే కొంత డబ్బిచ్చారు. ఆ డబ్బుతో మొదళ్లు తవ్వే కూలి సగం గడిచింది. దక్షిణపు గట్టున ఒక వరుస మాత్రం కంచెకని ఉంచేశాం. తంగేడునూ వెంపలినీ గట్ల మీద ముట్టుకోలేదు.

దిక్కు తోచనప్పుడు చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు చూసి వచ్చాం. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మరో మిత్రుడితో కలిసి అక్కడ 32 ఎకరాల బీడు కొన్నారు. మంట పడకుండా, విచ్చలవిడిగా మేత పడకుండా కాపలా కాస్తే చాలావరకు దానంతటదే అడవైంది. మా మూడెకరాల నలభైకీ అదే మందు సరిపోదు, మాకు కొర్రలు కావాలి. అయినా నేల ఎలా తిరగబడి బతుకుతుందో కళ్లారా చూశాక ధైర్యం వచ్చింది.

వాన లెక్క

డిగ్రీలో లెక్కలు చదివిన దాన్ని కదా, ఒకరోజు కాగితం పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే అది నాలుగు వేల లీటర్ల నీళ్లు. మా వైపు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు! ఈ అంకె మావారికి చూపిస్తే మళ్లీ లెక్క చేసి చూసుకున్నారు.

మరి అంత నీరూ ఏమవుతోంది? మాది ఎర్రనేల. బోసిగా ఉన్న ఎర్రనేల మీద చినుకు పడితే సన్నమన్ను చెదిరి, సందులు పూడి, ఎండగానే అప్పడంలా పెచ్చు కడుతుంది. తర్వాతి వాన ఆ పెచ్చు మీదుగా జారి గట్టు తెంచుకుని వంకలో పడుతుంది. పోతూ పోతూ మన్నునూ పట్టుకుపోతుంది. నీరు తక్కువ కాదు, నిలిచే చోటే తక్కువ.

అందుకే మొదటి చలికాలమంతా విత్తనం జోలికి పోకుండా కందకాలు తవ్వాం. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో. మట్టం చూడటానికి ఇల్లు కట్టే మేస్త్రీ దగ్గర నీళ్ల పైపు అడిగి తెచ్చుకున్నాం. ఒక కొస నేను, ఒక కొస మా అబ్బాయి పట్టుకుని, రెండువైపులా నీరు ఒకే ఎత్తున నిలిచిన చోట సున్నం చుక్క పెట్టుకుంటూ పోయాం. లోతు అడుగున్నర. తీసిన మన్ను దిగువ వైపు గట్టుగా పోశాం. పల్లం మూలన పంట కుంట ఉపాధి హామీ కింద తవ్వించుకున్నాం. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం మొదలైంది అప్పటి మా జిల్లా బండ్లపల్లిలోనే కదా!

2021 నవంబరులో రాయలసీమ అంతా వరదలొచ్చినప్పుడు మా కందకాలకు పరీక్ష అయింది. రెండు చోట్ల గట్టు తెగింది. మన్ను మాత్రం కందకంలోనే ఆగింది. పారతో తీసి మళ్లీ చేలో వేసుకున్నాం.

దోసెపిండి చదువు

విత్తడానికి ముందు, ఏప్రిల్‌లో నాలుగు రాత్రులు గొర్రెల మందను చేలో కట్టించాం. ఇది మన సీమలో పాతకాలపు ఎరువే. తర్వాత మే నెల ఎండలో, పొడి దుక్కిలోనే నవధాన్యాలు చల్లాం. పేరుకే నవధాన్యాలు, మేం వేసినవి పదమూడు: జొన్న, సజ్జ, కొర్ర, అలసంద, పెసర, అనుము, ఉలవ, కంది, నువ్వులు, ఆముదం, జనుము, గోంగూర, ధనియాలు. విత్తనాలను చాటలో పోసి, బంకమన్నూ పేడా బూడిదా పట్టించి ఉండలుగా ఆరబెట్టడం మా అత్తగారి వంతు. పైన కప్పడానికి మిల్లు నుంచి శనక్కాయ పొట్టు తెచ్చాం. చీమా పిట్టా తినకుండా ఆ ఉండలు తొలకరి దాకా కాచుకుని ఉంటాయి.

జూన్ వానకు చేనంతా పచ్చబడింది. ఊళ్లో వాళ్లు చూసి ‘ఏం పంటమ్మా ఇది?’ అన్నారు. ఏ పంటా కాదు! యాభై రోజులకు కోసి నేల మీదే పరిచేశాం. వాళ్లు నోరెళ్లబెట్టారు. గోంగూర, అలసందకాయలు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాం. ఒక్కో వేరు ఒక్కో లోతుకు పోతుంది. ఒక్కోటి ఒక్కో రకం సూక్ష్మజీవులకు తిండి పెడుతుంది. ఆ ఏడు మేం నేలకు అన్నం పెట్టాం, అంతే.

జీవామృతం సంగతి మీరు వినే ఉంటారు. 200 లీటర్ల డ్రమ్ములో నీళ్లు పోసి 10 కిలోల పేడ, 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల ఉలవపిండి కలిపి, గట్టు మీది మన్ను ఒక గుప్పెడు వేసి రెండు రోజులు నీడన ఉంచడం. ఎకరానికి ఒక డ్రమ్ము. నాకు దీన్ని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. ఆ గుప్పెడు మన్ను పాలల్లో వేసే తోడు, మిగతాదంతా దోసెపిండి పులియబెట్టడం! చలికాలంలో ఇంకో రోజు ఆగాలన్నది కూడా దోసెపిండి దగ్గరే తెలుస్తుంది. కుడివైపుకే తిప్పాలి, ఎడమకు తిప్పకూడదు అనేవాళ్లున్నారు. ఎటు తిప్పినా కలుస్తుందండీ.

దీన్ని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ గారు ‘జీరో బడ్జెట్’ అన్నారు. 2016లో మన ప్రభుత్వం ఆ పేరుతోనే పథకం మొదలుపెట్టి, తర్వాత ‘ప్రకృతి వ్యవసాయం’ అని మార్చింది. మార్చడం మంచిదైంది. పొదుపు సంఘాల ఆడవాళ్ల చేతుల మీదుగా నడిచే ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. మనవాళ్ల పేరు అంత దూరం పోయినందుకు సంతోషమే. ‘జీరో’ అన్న మాట మాత్రం నాకు గొంతు దిగదు. మాకు ఆవు లేదు. పక్కింటావిడకు పచ్చిగడ్డి ఇచ్చి పేడ తెచ్చుకుంటాం. తెల్లవారుజామున గోమూత్రం పట్టేదెవరు? డ్రమ్ము కలిపేదెవరు? బిందెలతో మోసేదెవరు? ఆ చాకిరీకి ఎవరూ ధర కట్టరు కాబట్టి అది సున్నా అయిపోతుందా?

చాకిరీ ఇంతుంటే, ఒక ఆఫీసుకు విత్తనాల కోసం పేరు రాయించుకోవడానికి వెళితే అక్కడి బాబు నా వెనక్కి తొంగి చూసి ‘రైతు రాలేదా అమ్మా?’ అన్నాడు. పాసుపుస్తకం ఇంకా మా మామగారి పేరు మీదే ఉంది. ఆయన పోయి అప్పటికి పద్నాలుగేళ్లు!

2022లో ఐదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది లెక్కన వేశాం. కొర్ర రెండు క్వింటాళ్ల చిల్లర వచ్చింది. కొర్రలు పండించడం ఒక ఎత్తయితే పొట్టు తీయడం మరో ఎత్తు. వెనకటి ఆడవాళ్ల భుజాలు రోటి దగ్గర ఎందుకు అరిగిపోయాయో అప్పుడు తెలిసింది. ఇంత కొంచెం మరకు మిల్లువాళ్లు ఒప్పుకోరు. మరో ముగ్గురి గింజలతో కలిపి ఆటోలో వేసుకుపోయాం. క్వింటాలు కొర్రలిస్తే అరవై పైచిలుకు కిలోల బియ్యం చేతికొచ్చాయి.

ఇక అడవి పందులు. వాటికి జీవామృతం, కందకాలు ఏవీ పట్టవు. ఒక్క రాత్రిలో అరెకరం కందిని తొక్కి పారేశాయి. మా ఊళ్లో అందరిలాగే మేమూ చుట్టూ పాత చీరలు కట్టాం. నా పెళ్లినాటి వాయిల్ చీరలన్నీ ఇప్పుడు గట్ల మీదే ఉన్నాయి. మొదట్లో పందులు బెదిరాయి. తర్వాత అలవాటు పడ్డాయి. దీనికి మందు ఇంకా దొరకలేదు.

మూడో ఏడు

గడువు తీరే ఏడాదే దేవుడు ముఖం చాటేశాడు. 2023 ఆగస్టు అంత పొడి ఆగస్టు 1901 నుంచి లెక్కల్లోనే లేదని వాతావరణ శాఖ చెప్పింది. చుట్టుపక్కల శనక్కాయ ఊడలు దిగే వేళకు నేల రాయైపోయింది. మా కొర్ర మోకాలెత్తుకే వెన్ను తీసింది. అయినా ఆకుచెత్త కింద మన్ను చేత్తో తీస్తే చల్లగా తగిలేది. క్వింటంన్నర కొర్ర, గట్ల మీది ఆముదం, చివరి వానకు చల్లిన ఉలవలు అరవై కిలోలు. అంతే వచ్చింది. ఆ ఏడు పక్క చేలతో పోలిస్తే అది పంటే. ప్లాట్ల ధరతో పోలిస్తే ఏమీ కాదు.

లెక్క దాచుకోవడం ఎందుకు? మూడేళ్లలో మేం పెట్టింది లక్షా అరవై వేలు. అమ్మకం మీద వచ్చింది ముప్పై ఎనిమిది వేలు. తిన్నది వేరు. నెల జీతం ఒకటి ఇంట్లో లేకుండా బీడు లేపడం మాలాంటి వాళ్ల వల్ల కాదు. కౌలుకు తీసుకున్న వాళ్ల వల్ల అసలే కాదు. నేల మంచిగయ్యే వేళకు యజమాని వెనక్కి అడుగుతాడు.

మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం 2020లో 0.24 శాతం, 2024లో 0.37. 0.5 దాటకపోతే ‘తక్కువ’ కిందే రాస్తారు. కాబట్టి కాగితం మీద మా నేల ఇంకా ఫెయిలే! గడ్డపారకు మాత్రం తేడా తెలుస్తోంది. వాన పడిన మర్నాడు మన్ను పెళ్లగిస్తే వానపాములు కనిపిస్తున్నాయి.

మా మరిది సంక్రాంతికి వచ్చి చేనంతా తిరిగాడు. కుంట గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఆ రాత్రి కొర్రన్నం, ఉలవచారు తిని ‘మీరే తీసుకోండి వదినా నా భాగం, వాళ్లిచ్చేంత అడగను’ అన్నాడు. కానీ ఊరికే ఇస్తాననలేదు, నేనూ ఆశించలేదు. నాలుగేళ్ల వాయిదాల మీద ఒప్పందం. మొదటి వాయిదాకు నా గాజులు రెండు బ్యాంకులో ఉన్నాయి.

పేర్లు మార్పించే పని ముందు పూర్తి చేసుకుని, 2024 చివర్లో అతని భాగం నా పేర రిజిస్ట్రేషన్ పెట్టుకున్నాం. దస్తావేజు రాసే ఆయన నన్ను ఏమీ అడక్కుండానే వృత్తి అన్న చోట ‘గృహిణి’ అని రాయబోయాడు. మా అత్తగారు బెంచీ మీద నుంచే ‘సేద్యం అని రాయి నాయనా’ అంది. ఆయన కొట్టివేసి రాశాడు.