అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి

పాత నగ మార్చి క్రొత్త నగ చేయించుకొనని గృహము తెలుగునాట అరుదు. అంగడివాడు క్రొత్త నగ తూచునపుడు తరుగు కలుపును. పాత నగ తూచునపుడు తరుగు తీసివేయును. త్రాసు ఒకటే, తూకపురాళ్ళు ఒకటే, తరుగు మాత్రము రెండు పర్యాయములును మన వంతుకే వచ్చును. ఈ అనుభవమునే మన పూర్వులు "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" యని నాలుగు మాటలలో ఇమిడ్చిరి. ఈ సామెత అమెరికా దేశపు కార్ల అంగడికి ఎంత చక్కగా వర్తించునో 2022 వేసవిలో నాకు తెలిసివచ్చినది.

ఆ యేడు టెక్సస్ రాష్ట్రమున, డాలస్ నగరము చెంతనున్న మా అబ్బాయి ఇంట మూడు మాసములు గడపితిని. అచ్చట కారు విలాసవస్తువు కాదు. పాలకు పోవలెనన్నను, బడికి పోవలెనన్నను, వైద్యునికడకు పోవలెనన్నను అదియే కాళ్ళు. ఇంట రెండవ బిడ్డ కలుగనున్నది. ఉన్న చిన్న కారు ఇక చాలదు. పాతది యిచ్చి పెద్దది తీసికొందమని అబ్బాయి, కోడలు, నేను ఒక శనివారము ఉదయమున అంగడికి పోయితిమి.

గాజు గదిలోని అధికారి

క్రొత్త కారు అద్దమునకు ఒక కాగితము అంటించియున్నది. కారు ఎచ్చట కూర్చబడినది, అందు ఏయే హంగులు కలవు, రవాణా ఖర్చెంత, తయారీదారు సూచించు వెల యెంత, అన్నియు దానిపై అచ్చువేసియున్నవి. మొత్తము 32,000 డాలర్లు. దాని ప్రక్కనే మరియొక చిన్న కాగితము. అది తయారీదారుది కాదు, అంగడివానిది. "మార్కెట్ సవరణ" యను పేర 3,000 డాలర్లు. టైర్లలో నైట్రోజన్ నింపినందులకును, రంగుపై పూత పూసినందులకును 1,200 డాలర్లు. వెరసి 36,200. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్ళు నైట్రోజనే యని బడిపిల్లలకును తెలియును. దానికి వెల కట్టిన ఘనత ఆ అంగడికి దక్కినది.

మా పాత కారును ఒక కుర్రవాడు చుట్టి చూచి, గాజు గదిలో కూర్చున్న అధికారితో మంతనమాడి వచ్చి, 9,000 డాలర్లనెను. అబ్బాయి తల అడ్డముగా ఊపెను. మాతో మాటలాడుచున్న విక్రయ ప్రతినిధి మిక్కిలి మర్యాదస్థుడు. కాఫీ తెప్పించెను. మా పక్షమున అధికారితో పోరాడి వచ్చెదనని లోనికేగి, పావుగంటకు తిరిగివచ్చి, పాత కారునకు 11,000 ఇత్తుమని చెప్పెను. పావుగంటలో 2,000 డాలర్లు! ఏ బంగారపు అంగడిలోను ఇంతటి ఔదార్యము చూడని నేను లోలోన పొంగిపోయితిని.

అంతట అతడొక తెల్లకాగితమును నాలుగు గడులుగా గీసెను. ఒక గడిలో క్రొత్త కారు వెల, రెండవదానిలో పాత కారు వెల, మూడవదానిలో ముందుగా చెల్లించు సొమ్ము, నాలుగవదానిలో నెలసరి వాయిదా. వెల సంగతి అటుంచి, నెలకు ఎంత కట్టగలరో చెప్పుడనెను. మిగిలిన 25,200 డాలర్లకు ఏడాదికి నూటికి 6 వంతున వడ్డీ చొప్పున 60 నెలలకైనచో నెలకు సుమారు 487 డాలర్లు. అది అధికమన్నంతనే 72 నెలలు చేసి సుమారు 418కి దించెను. నెలకు 69 డాలర్లు తగ్గినవి. కాని మొత్తము మీద కట్టవలసినది 29,230 నుండి 30,070కి పెరిగినది. ఈ రెండవ లెక్క ఏ గడిలోను లేదు.

అప్పుడు మా కోడలు నావంక తిరిగి మెల్లగా అడిగినది: "మామయ్యగారూ, ఇవి రెండు బేరాలు కదండీ, ఒకే కాగితం మీద ఎందుకు రాస్తున్నాడు?"

పిమ్మట ఆమె అతనినే ఆంగ్లమున అడిగినది: పాత కారు మేము మీకు అమ్మము, క్రొత్త కారు కడపటి వెల ఎంత? అంతవరకు నోరు మూయని ఆ యువకుడు మొదటిసారి మౌనము వహించెను. మరల గాజు గదికి పోయెను. ఈసారి అరగంట పట్టినది. పైన వేసిన 4,200 డాలర్లలో ఒక్కటియు తగ్గదని వర్తమానము తెచ్చెను. పాత కారునకు 2,000 పెంచిన ఔదార్యము, ఆ కారు లేదనగానే ఏమైనది? మేము లేచి వచ్చితిమి.

కొరతనాటి మాట, సమృద్ధినాటి మాట

ఈ విద్య నిన్న మొన్నటిది కాదు. 1920 ప్రాంతముల నాటికే అమెరికాలో కారు కొనదలచిన పెక్కుమందికి అప్పటికే ఒక కారుండెను. జనరల్ మోటార్స్ సంస్థను నడిపిన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ ఆ దశకమున కార్ల వ్యాపార స్వరూపమును మార్చిన నాలుగు అంశములను పేర్కొనుచు, వాయిదాల పద్ధతిని, పాత కారు మార్పిడిని, మూతగల కార్లను, ఏటేట మారు నమూనాలను చెప్పెను. ఇందు మొదటి రెండును మా నాలుగు గడుల కాగితములో కానవచ్చినవే. పాత కారునకు వెల కట్టు కొలబద్ద అవసరమైనది కూడ అప్పుడే. లాస్ ఏంజెలస్‌లో కార్లు అమ్ము లెస్ కెల్లీ 1926లో ప్రారంభించిన ధరల పట్టిక "బ్లూ బుక్" నేటికిని వాడుకలో నున్నది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1942 నుండి 1945 వరకు, అమెరికాలో జనసామాన్యమునకు కార్ల తయారీ నిలిచిపోయినది. యుద్ధము ముగియగానే కార్లకై జనము ఎగబడిరి. అపుడు కొందరు వర్తకులు నిర్ణీత ధరపై చాటుగా అదనము పుచ్చుకొనుచు, అక్కరలేని హంగులు అంటగట్టుచు, పాత కార్లకు అల్పపు వెలలు కట్టిరి. పదియేండ్లు గడచునప్పటికి కార్లు మెండై కొనువారు తక్కువైరి. అపుడు పద్ధతి తలక్రిందులైనది: క్రొత్త కారు వెలను లోలోన ఉబ్బించి, ఆ ఉబ్బిన సొమ్ములోనుండియే పాత కారునకు ఘనముగా ఇచ్చినట్లు చూపిరి. కొరతలో చిన్నచూపు, సమృద్ధిలో పెద్దమనసు. చూపునకు వేరైనను రెండును ఒకే విద్య. రెండు బేరములను ముడివేసినచో లాభమెచ్చట దాగినదో కొనువానికి కానరాదు.

దీనిని అరికట్టుటకే ఓక్లహోమా సెనేటరు మైక్ మన్రోనీ పూనికతో 1958లో చట్టము వచ్చినది. మేము చూచిన ఆ అద్దపు కాగితము ఆ చట్టపు బిడ్డ. నేటికిని దానిని ఆయన పేరనే పిలుచుచున్నారు. కొన్నవాని చేతికి కారు అందకమునుపే దానిని తొలగించుట నేరము. కాని చట్టము వెలను వెల్లడించుమన్నదే గాని, ఆ వెలకే అమ్ముమనలేదు. అది తయారీదారు సూచన మాత్రమే. తయారీదారు వేరు, అంగడివాడు వేరు. పెక్కు రాష్ట్రములలో అంగళ్ళుగల తయారీదారు వారిని కాదని నేరుగా అమ్మరాదను చట్టములు కూడ కలవు.

2021లో చిప్పుల కొరతచేత కార్ల తయారీ కుంటుపడగా 1946 నాటి కథ పునరావృతమైనది. 2022 జనవరిలో అమెరికాలో క్రొత్త కారు కొన్నవారిలో నూటికి 80 మందికి పైగా సూచిత ధరకు మించి చెల్లించిరని ఎడ్మండ్స్ సంస్థ లెక్క తేల్చినది. ఫోర్డ్, జనరల్ మోటార్స్ సంస్థలు తమ డీలర్లను బహిరంగముగానే హెచ్చరించినవి. అదే మాసమున పాత కార్ల ధరలు అంతకుముందటి యేటికంటె నూటికి 40 వంతులు పెరిగియున్నవి. మా పాత కారు విలువ పెరిగిన మాట ఆ గాజు గదిలోని అధికారికి తెలియును, మాకు తెలియదు.

చీకటి యెవరిది?

వర్తకుని పక్షమున చెప్పవలసినది లేకపోలేదు. పాత కారులో ఏ లోపము దాగియున్నదో అతనికి తెలియదు. దానిని బాగుచేయించి, అమ్ముడగువరకు నిలువ ఉంచి, అద్దెలు, జీతములు చెల్లించవలెను. కావున తాను అమ్మబోవు వెలకే కొనుమనుట న్యాయము కాదు.

ఈ తెలియమి యెంత అనర్థదాయకమో జార్జి అకెర్లాఫ్ అను అర్థశాస్త్రవేత్త 1970లో పాత కార్ల నుదాహరణముగా గొని నిరూపించెను. మంచి కారేదో చెడ్డ కారేదో కొనువానికి తెలియనపుడు అతడు నడిమి వెలనే ఇచ్చును. ఆ వెలకు మంచి కారు గలవాడు అమ్మడు. తుదకు అంగడిలో చెడ్డవే మిగులును. ఆ వ్యాసమును తొలుత మూడు పత్రికలు త్రిప్పిపంపినవి. 2001లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. ఆయన మన దేశమున కొంతకాలము నివసించినవాడు. ఆ వ్యాసముననే, మన అంగళ్ళ బియ్యములో బుద్ధిపూర్వకముగా కలిపిన రాళ్ళను గృహిణులు ఏరుకొనవలసివచ్చుటను ఉదాహరించెను. మన తల్లుల చేటలోని రాళ్ళు అట్లు అర్థశాస్త్రమున కెక్కినవి.

కాని చీకటి అందరికిని సమానము కాదు. ఇయాన్ అయ్రెస్ అను న్యాయశాస్త్రాచార్యుడు షికాగో ప్రాంతపు అంగళ్ళకు కొందరిని పంపి పరీక్షించెను. అందరును ఒకే తీరున ముస్తాబై, ఒకే తీరున బేరమాడిరి. శ్వేతజాతి పురుషులకు చెప్పిన వెలకంటె స్త్రీలకును, నల్లజాతివారికిని హెచ్చు వెలలు చెప్పినట్లు 1991లో ఆయన ప్రకటించెను. మరింత విరివిగా జరిపిన పరిశోధన 1995లో వెలువడి ఆ మాటనే బలపరచినది. బేరము నేర్పునకు ప్రతిఫలమని మనము నమ్ముదుము. నేర్పు ఒకటే అయినను వెల వేరైనపుడు దానిని బేరమనుట ఎట్లు?

ఆ శనివారము తిరిగివచ్చుచుండగా అబ్బాయి ఎన్నడును చెప్పని సంగతి చెప్పెను. 2014లో విద్యార్థిగా వచ్చిన క్రొత్తలో పాత కారొకటి కొనెనట. అప్పు ఇప్పించుట కూడ ఆ అంగడివారే చేసిరి. బ్యాంకు అడుగు వడ్డీపై అంగడివారు తమ పాలు కలిపి వ్రాయుట కలదని అతనికి అప్పుడు తెలియదు. ఏడాదికి నూటికి 15 వంతున మూడేండ్లు కట్టెను. "ఎవరితో చెప్పుకోను నాన్నా? చదువుకున్నవాణ్ణి కదా!" అనెను. పోయిన సొమ్ముకంటె చెప్పుకొను సిగ్గే పెద్దదై, ఎనిమిదేండ్లు అతని నోరు నొక్కినది. ఈ సిగ్గే అట్టి అంగళ్ళకు రక్ష. మోసపోయిన ప్రతివాడును తానొక్కడే మోసపోయితినని తలచి ఊరకుండును. మరునాడు మరియొకడు పోయి అదే కుర్చీలో కూర్చుండును.

ప్రభుత్వము యత్నింపలేదని కాదు. కొనువానికి ప్రయోజనము లేని హంగులకు సొమ్ము వసూలుచేయరాదనియు, పూర్తి వెలను ముందే చెప్పవలెననియు అమెరికా వర్తక సంఘము, అనగా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, 2023 డిసెంబరులో నియమములు ప్రకటించెను. డీలర్ల సంఘములు న్యాయస్థానమున కెక్కినవి. విధివిధానములలో లోపమున్నదని 2025 జనవరిలో అప్పీలు కోర్టు ఆ నియమములను కొట్టివేసినది.

మనము వారిని చూచి నవ్వుటకు వీలులేదు. అనుమతుల కాలమున అంబాసిడరుకై, ఫియట్‌కై, బజాజ్ స్కూటరుకై ఏండ్లతరబడి కాచుకొన్నవారు, ఆగలేక పైసొమ్మిచ్చి చేతులు మారిన బండిని కొన్నవారు మన యిండ్లలో ఇంకను కలరు.

రెండు కాగితములు

కోడలు చూపిన దారినే పోయితిమి. పాత కార్లు కొను వేరొక అంగడివారు ఆ వారముననే మా కారునకు 13,500 డాలర్లు వ్రాసి యిచ్చిరి. క్రొత్త కారుకై పది పన్నెండు ఊళ్ళకు ఉత్తరములు వ్రాసి, అన్ని ఖర్చులతో కడపటి వెల కోరితిమి. తొంబది మైళ్ళ దూరపు ఊరివారొకరు అద్దపు కాగితముపై వెలకే ఇత్తుమనిరి; కాని రెండు నెలలకు పైగా ఆగవలెను. టెక్సస్‌లో పాత కారు అచ్చటనే ఇచ్చినచో దాని విలువ తీసివేసి మిగిలిన దానిపై మాత్రమే నూటికి 6.25 వంతున అమ్మకపు పన్ను వేయుదురు. వేరుగా అమ్మినందున పన్నులో 425 డాలర్లు అధికమైనవి. ఐనను మొత్తముమీద 6,275 డాలర్లు మిగిలినవి. ఆనాటి మారకమున దాదాపు 5 లక్షల రూపాయలు.

ఓపికకును వెల కలదు. క్రొత్త కారు రాకకు పది దినములు ముందే మనుమరాలు వచ్చినది. ఆసుపత్రినుండి ఆ చిన్న కారులోనే, పసిపాప కుర్చీ ఒక ప్రక్క, పెద్దవాని కుర్చీ మరియొక ప్రక్క, నడుమ మోకాళ్ళు ముడుచుకొని నేను, ఇల్లు చేరితిమి. మరునాడు ఉద్యోగమునకు పోవుటకు కారే లేనివానికి, ఊరూర విచారించు తీరిక లేనివానికి ఈ ఓపిక ఎక్కడనుండి వచ్చును? ఆ కుర్చీలో కూర్చుండి సంతకము చేయువారిలో పెక్కుమంది అట్టివారే. వారిని తెలివితక్కువవారనుట తగదు.

ఇపుడు ఏటేట మన పల్లెలనుండి, పట్టణములనుండి అచ్చటికి చేరు విద్యార్థులెవరైన కారు కొనబోవునపుడు మా అబ్బాయి వెంటపోవుచున్నాడు. పోవుచు దారిలో 2014 నాటి తన కారు కథ మొదట చెప్పునట. అంగడిలో అడుగవలసిన మాటలు ఆ పిమ్మట చెప్పునట: కొనునదానికి ఒక కాగితము, అమ్మునదానికి ఒక కాగితము, అప్పునకు ఒక కాగితము, నెలకెంత యని అడిగినచో మొత్తమెంత యని బదులడుగుము, నేడే యని తొందరచేసినచో రేపు వచ్చెదనని లేచిరమ్ము.