సాగరమార్గమునకు ఉపగ్రహముల తోడు

భీమునిపట్నపు జాలరులు తరతరములుగా పావురాళ్ళకొండను, ఒడ్డుననున్న దీపస్తంభమును ఆనవాళ్ళుగా పెట్టుకొని ఇల్లు చేరుచుండిరి. కొండ కనుమరుగైన పిదప చుక్కలే దిక్కు. మబ్బు క్రమ్మినచో ఆ దిక్కును లేదు. ఈ కొరతను మొదట తీర్చినవి రేడియో తరంగములు. శ్రోతల యిండ్లలో పాట వినిపించు తరంగములే ఓడకు దారి చూపుట వింతగా తోచవచ్చును గాని, అందలి సూత్రము తేలికయే.

ఒడ్డున దూరదూరముగా నిలిపిన రెండు కేంద్రములు నిర్ణీతకాలమున సంకేతములు పంపును. అవి ఓడకు చేరుటలోని కాలభేదమును కొలిచినచో ఓడ ఏ వక్రరేఖపై నున్నదో తెలియును. మరొక జంట కేంద్రములవలన మరొక రేఖ యేర్పడును. ఆ రేఖలు కలిసిన చోటే ఓడ యున్న చోటు. లోరాన్ అను పద్ధతి యిదియే. మన తూర్పుతీరమున బాలాసోరు మొదలగు చోట్ల ఇట్టి కేంద్రములు వెలసినవి. అయితే తరంగములు అందినంత మేరకే వాని సాయము.

ఉపగ్రహము ఆ కేంద్రమునే ఆకాశమున కెత్తినది. నాలుగు ఉపగ్రహముల సంకేతములు వచ్చుటకు పట్టిన కాలమును బట్టి యంత్రము తన చోటును లెక్కకట్టును. సెకనులో పదిలక్షవ వంతు తేడా వచ్చినను దూరము 300 మీటర్లు తప్పును. కావుననే ఉపగ్రహములలో అణుగడియారము లుంచిరి. అమెరికావారి జి.పి.ఎస్. 1995లో సంపూర్ణమైనది. పౌరులకు అందు సంకేతమును కావలెనని మసకపరచుట 2000 మే నెలలో మానిరి. చేతిలో ఇమిడెడి యంత్రము ప్రపంచమంతటను పనిచేయుచుండగా పాత కేంద్రముల పోషణ భారమని తోచెను. ఒమెగా పద్ధతి 1997లోను, అమెరికా లోరాన్ 2010లోను మూతపడినవి. మనవారు 2013 జూలైలో శ్రీహరికోట నుండి తొలి ఉపగ్రహమును పంపి ఆరంభించిన నావిక్ పద్ధతిని, అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2020లో ఓడల వినియోగమునకు గుర్తించినది.

నీటిపై సరిహద్దు గీటు కంటికి కనబడదు. 2018 నవంబరులో గుజరాతు తీరమునుండి వేటకు బోయిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జాలరులు సరిహద్దు దాటిరని పాకిస్తానువారికి చిక్కి, 2020 జనవరి వరకు చెరలో నుండిరి. తామున్న చోటు తెలియుట ఎంత విలువైనదో ఆ కుటుంబముల కెరుక.

అయినను ఆకాశమునే పూర్తిగా నమ్ముట క్షేమము కాదని మేము తలంతుము. వేల కిలోమీటర్ల నుండి వచ్చు సంకేతము మిక్కిలి బలహీనము. చిన్న ప్రసారిణి దానిని ముంచివేయగలదు. 2016లో ఉత్తర కొరియావారు అట్లు చేయగా దక్షిణ కొరియా చేపల పడవలు వేట మాని వెనుదిరిగినవి. ఆ దేశమువారు లోరానునే మెరుగుపరచి తిరిగి నిలుపుటకు పూనుకొనిరి. మన నావిక్ ఉపగ్రహములలో కొన్నింటి అణుగడియారములును చెడిపోయినవి. 2023 మే నెలలో స్వదేశపు గడియారముతో క్రొత్త ఉపగ్రహమును పంపవలసివచ్చినది.

కావున పడవలో యంత్రముతోపాటు దిక్సూచియు, పటమును ఉండవలెను. యంత్రము చెప్పినదానిని వానితో అప్పుడప్పుడు సరిచూచుకొనవలెను. రెండును ఏకీభవించినంత వరకు ప్రయాణము నిర్భయము; భేదించినప్పుడు జాగ్రత్తపడుటకు అదియే తొలి హెచ్చరిక.