మనిషికి చెలగాటం – పిల్లికి ప్రాణసంకటం

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం



"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అనే సామెత మనందరికీ తెలిసిందే. కానీ ఆ పిల్లికే ప్రాణసంకటంగా మారిన చెలగాటం ఒకటి ఉంది. ఆ ఆట ఆడుతున్నది మనిషి. ఆ పిల్లి జాతి పేరు స్కాటిష్ ఫోల్డ్, అంటే స్కాట్లాండ్ దేశపు మడత చెవుల పిల్లి. ఈ జాతి ఎలా పుట్టింది, దాని చెవులు ఎందుకు ముడుచుకుంటాయి, ఆ మడత వెనుక ఉన్న బాధ ఏమిటి అన్నది ఈ వ్యాసంలో చెబుతాను. పదో తరగతిలో, ఇంటర్ బైపీసీలో మెండల్ సూత్రాలు చదివే తమ్ముళ్లకు ఇది ఒక మంచి ఉదాహరణగా కూడా పనికొస్తుంది.

సూసీ సంతానం

స్కాట్లాండ్‌లోని పెర్త్‌షైర్ ప్రాంతంలో కూపర్ ఆంగస్ అనే చిన్న ఊరు ఉంది. 1961లో ఆ ఊరికి దగ్గరలోని ఒక వ్యవసాయ క్షేత్రంలో సూసీ అనే తెల్లపిల్లి కనిపించింది. అది ఏ రాజభవనంలోనో పెరిగిన పిల్లి కాదు. కొట్టంలో తిరిగే మామూలు పిల్లి. అయితే దాని చెవులు మాత్రం మిగతా పిల్లుల చెవుల్లా నిక్కబొడుచుకుని లేవు. మధ్యలో మడతపడి ముందుకు వాలి ఉన్నాయి. చూసిన వారికి గుడ్లగూబ ముఖం గుర్తుకు వచ్చేది.

సూసీ పిల్లలు పెట్టినప్పుడు వాటిలో రెండింటికి అలాంటి చెవులే వచ్చాయి. పొరుగున ఉండే విలియం రాస్ అనే పిల్లుల ప్రేమికుడు వాటిలో ఒకదాన్ని తెచ్చుకుని పెంచాడు. దాని పేరు స్నూక్స్. ఆ తర్వాత సూసీ రోడ్డు మీద వాహనం కింద పడి చనిపోయింది. కానీ స్నూక్స్ ద్వారా వంశం నిలిచింది. ఈనాడు లోకంలో ఉన్న స్కాటిష్ ఫోల్డ్ పిల్లుల్లో అత్యధిక భాగం వంశవృక్షం ఆ సూసీ దగ్గరికే చేరుతుంది.

1966లో రాస్ ఈ పిల్లులను బ్రిటన్‌లోని పిల్లుల జాతుల సంస్థ 'గవర్నింగ్ కౌన్సిల్ ఆఫ్ ద క్యాట్ ఫ్యాన్సీ'లో నమోదు చేయించాడు. జన్యుశాస్త్రం తెలిసిన పాట్ టర్నర్ సహాయంతో సంతానోత్పత్తి మొదలుపెట్టాడు. మొదటి మూడేళ్లలో 76 పిల్లలు పుట్టాయి. వాటిలో 42 మడత చెవులవి, 34 నిటారు చెవులవి.

లెక్క ఎలా కుదిరింది?

ఇక్కడ మెండల్ బఠానీ మొక్కలను గుర్తు చేసుకుందాం. ఒక లక్షణం బహిర్గతమైతే, దానికి సంబంధించిన జన్యువు తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ ఒక్కటి వచ్చినా చాలు, ఆ లక్షణం బయటపడుతుంది. అంతర్గతమైతే ఇద్దరి నుంచీ రావాలి. ఒక్క మడత జన్యువు ఉన్న పిల్లిని మామూలు పిల్లితో జతకడితే పుట్టే పిల్లల్లో సగం మడత చెవులతో, సగం నిటారు చెవులతో పుట్టాలి. 76లో సగం 38. వచ్చినవి 42, 34. లెక్క దాదాపు సరిపోయింది. అందుకే మడత చెవి ఒకే ఒక్క బహిర్గత జన్యువు వల్ల వస్తున్నదని తేల్చారు.

తమ్ముళ్లూ, ఈ 'బహిర్గత' అనే మాటను గుర్తుపెట్టుకోండి. కథలో అసలు కీలకం అదే.

రూపురేఖలు, స్వభావం

స్కాటిష్ ఫోల్డ్ మధ్యస్థంగా ఉండే పిల్లి. తల గుండ్రం, కళ్లు పెద్దవి, గుండ్రనివి. పొట్టి వెంట్రుకలవి, పొడవు వెంట్రుకలవి రెండు రకాలూ ఉన్నాయి. పిల్లలన్నీ పుట్టినప్పుడు మామూలు చెవులతోనే పుడతాయి. సుమారు మూడు వారాల వయసులో కొన్నింటి చెవులు ముడుచుకోవడం మొదలవుతుంది. ముడుచుకోని వాటిని స్కాటిష్ స్ట్రెయిట్ అంటారు.

ఇవి నెమ్మదైనవి, గోల చేయనివి, ఒకచోట కుదురుగా కూర్చుంటాయి అని పెంచేవాళ్లు చెబుతారు. వెనుక కాళ్లు ముందుకు చాపి, మనిషిలా నిటారుగా కూర్చోవడం వీటికి అలవాటు. ఆ భంగిమను ముద్దుగా బుద్ధుని ఆసనం అని పిలుస్తారు. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ దగ్గర ఈ జాతి పిల్లులు రెండు ఉన్నాయి. ఇలాంటి ప్రముఖుల వల్ల, ఇంటర్నెట్‌లో ఫోటోల వల్ల ఈ జాతికి ప్రపంచమంతా గిరాకీ పెరిగింది.

మడత చెవి దగ్గరే ఆగిందా?

మన చెవి డొప్పను ఒకసారి వేళ్లతో వంచి వదిలేయండి. వెంటనే యథాస్థానానికి వస్తుంది. కారణం లోపల ఉన్న మృదులాస్థి. పిల్లి చెవి నిటారుగా నిలబడేది కూడా దాని బలంతోనే. స్కాటిష్ ఫోల్డ్ చెవి ముడుచుకుంటున్నదంటే అక్కడి మృదులాస్థి బలహీనంగా ఉందని అర్థం. మరి మృదులాస్థి చెవిలో మాత్రమే ఉంటుందా? కీళ్లలో ఎముకల చివర ఉండేది అదే. ఎదిగే వయసులో ఎముక పొడవు పెరిగేది కూడా దాని ద్వారానే. చెవిలో లోపం ఉన్నప్పుడు కాళ్లలో, తోకలో లేకుండా ఎలా ఉంటుంది?

జరిగింది సరిగ్గా అదే. కొన్ని పిల్లులకు తోక కురచగా, బిరుసుగా తయారైంది. పాదాలు లావెక్కాయి. కీళ్ల చుట్టూ ఎముక అడ్డదిడ్డంగా పెరిగి నడక కుంటుపడింది. తల్లిదండ్రులిద్దరూ మడత చెవులవైతే, రెండు మడత జన్యువులూ వచ్చిన పిల్లల పరిస్థితి మరీ ఘోరం. చిన్న వయసులోనే అవి అవిటివైపోతాయి. 1970 దశకం మొదట్లోనే బ్రిటన్ సంస్థ ఈ జాతి నమోదును ఆపివేసింది. కానీ అప్పటికే కొన్ని పిల్లులు అమెరికా చేరాయి. అక్కడ 1978 నాటికి పోటీలలో పాల్గొనే గుర్తింపు కూడా వచ్చింది.

మడత పిల్లిని నిటారు చెవుల పిల్లితో జతకడితే ఇబ్బంది లేదని పెంపకందారులు చాలాకాలం వాదించారు. 1999లో ఆస్ట్రేలియా పశువైద్యులు ప్రచురించిన పరిశోధన ఆ వాదనను దెబ్బతీసింది. ఒక్క మడత జన్యువు ఉన్న పిల్లులకూ ఈ కీళ్ల వ్యాధి వస్తున్నదని అది చూపించింది. 2016లో అసలు జన్యువు దొరికింది. దాని పేరు టీఆర్‌పీవీ4. కణంలోకి కాల్షియం అయాన్లను పోనిచ్చే ద్వారం లాంటి ప్రోటీన్‌ను అది తయారు చేయిస్తుంది. ఆ ప్రోటీన్‌లో వాలీన్ అనే ఒక్క అమైనో ఆమ్లం స్థానంలో ఫినైల్ అలనీన్ వచ్చి చేరడమే ఇంత అనర్థానికి మూలం. ఇదే జన్యువు మనుషుల్లో కూడా ఉంది. అందులో లోపం వస్తే మనుషులకూ ఎముకల జబ్బులు వస్తాయి.

ఇప్పుడు 'బహిర్గత' మాట దగ్గరికి వద్దాం. మడత చెవిని ఇచ్చే జన్యువు వేరు, రోగాన్ని ఇచ్చే జన్యువు వేరు కాదు. రెండూ ఒక్కటే. కాబట్టి చెవి మడత ఉన్న పిల్లిలో ఆ లోపం ఉండి తీరుతుంది. కొన్నింటిలో తీవ్రంగా, కొన్నింటిలో స్వల్పంగా ఉండవచ్చు. రోగం తీసేసి మడత ఒక్కటే మిగుల్చుకునే దారి లేదు. పూర్తిగా నయం చేసే మందు కూడా లేదు. నొప్పి తగ్గించడం మాత్రమే సాధ్యం.

మరో సంగతి ఆలోచించండి. పిల్లి తన నొప్పిని బయటపెట్టని జంతువు. కుక్కలా మూలగదు. గెంతడం మానేస్తుంది, ఒకచోట పడి ఉంటుంది. మనం దాన్ని నెమ్మదితనం అనుకుంటాం. ముద్దుగా కనిపించే ఆ కూర్చునే తీరు కూడా నొప్పి కాళ్లకు ఊరట వెతుక్కోవడం కావచ్చునని పశువైద్యులు అనుమానిస్తున్నారు.

నడిపించి చూడాలి

మా నాన్న బడికి వెళ్లలేదు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ని నేనే. కానీ సంతలో ఎద్దును కొనేటప్పుడు నాన్న ముందు దాన్ని పది అడుగులు నడిపించి చూస్తారు. కాళ్లు, గిట్టలు చూస్తారు. కొమ్ములు ఎంత అందంగా ఉన్నా నడక బాగోలేకపోతే బేరమాడరు. జంతువును ముఖం చూసి కాదు, నడక చూసి ఎంచుకోవాలన్న ఈ తెలివి మనలో చాలామంది ఇళ్లల్లో ఉంది. పిల్లి అందాల పోటీలు పెట్టినవాళ్లు చెవినే చూశారు గానీ నడక చూడలేదు.

ఇప్పుడు కొన్ని దేశాలు మేలుకుంటున్నాయి. నెదర్లాండ్స్ ముందుగా వీటి సంతానోత్పత్తిని నిషేధించింది. 2026 జనవరి 1 నుంచి మడత చెవుల పిల్లులను కొత్తగా పెంచుకోవడాన్ని కూడా నిషేధించింది. అప్పటికే ఉన్నవాటిని చివరిదాకా సాకవచ్చు. చట్టం ఎంత అవసరమో కొనేవాడి విచక్షణ కూడా అంతే అవసరం. అడిగేవాడు లేకపోతే పుట్టించేవాడూ ఉండడు.

సూసీ తప్పేమీ లేదు. ప్రకృతిలో ఉత్పరివర్తనాలు ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి. అవి మేలు చేసేవో, కీడు చేసేవో ప్రకృతి కాలక్రమంలో తేలుస్తుంది. ఇక్కడ ఒక లోపాన్ని పట్టుకుని, అందమని పేరు పెట్టి, తరతరాలుగా నిలబెట్టింది మనిషి. తమ్ముళ్లూ, మీలో రేపు పశువైద్యులయ్యేవారు, శాస్త్రవేత్తలయ్యేవారు ఉంటారు. పిల్లి కావాలనుకుంటే వీధిలో ఆకలితో తిరిగే నిటారు చెవుల పిల్లికి ఒక ముద్ద పెట్టండి. అది గోడ దూకుతుంది, చెట్టెక్కుతుంది. అంతకు మించిన అందం పిల్లికి ఏముంటుంది?