విమానం కాదు, కంపెనీయే కూలితే..!
టిక్కెట్టు సొమ్ముకు బీమా ఉందో లేదో చూసుకునేవారేరీ?

జగిత్యాల: గల్ఫ్‌కు వెళ్లే ప్రతి మనిషి వెనుక ఒక అప్పు పత్రం ఉంటుందని పల్లెల్లో అందరికీ తెలిసిందే. వీసాకు, ఏజెంటుకు, మెడికల్‌కు, చివరికి విమానం టిక్కెట్టుకు కూడా నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేవారే ఎక్కువ. అలా కొన్న టిక్కెట్టు చేతిలో ఉండగానే విమానాలు నడిపే కంపెనీ దివాలా తీస్తే ఆ సొమ్ము ఎవరిస్తారు? ఈ ప్రశ్న చాలామందికి తట్టనే తట్టదు. తట్టేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఇది జరగని సంగతేమీ కాదు. కింగ్‌ఫిషర్ విమానాలు 2012 అక్టోబరులో నిలిచిపోయాయి. ముంబయి నుంచి దుబాయ్, మస్కట్, దోహా వంటి నగరాలకు విమానాలు నడిపిన జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్ 17 రాత్రి ఆఖరి విమానం నడిపి ఆగిపోయింది. గో ఫస్ట్ 2023 మే 2న తనకు తానుగా దివాలా దరఖాస్తు పెట్టుకుని, మర్నాటి నుంచి విమానాలు ఆపేసింది. ఇంజన్లు సమయానికి అందక సగం విమానాలు నేల మీదే ఉండిపోయాయని ఆ కంపెనీ చెప్పింది. కారణం ఏదైనా ముందుగా సొమ్ము కట్టిన ప్రయాణికుడికి మిగిలింది కాగితమే.

వరుసలో చివరివాడు

మామూలుగా ఒక విమానం రద్దయితే కంపెనీ వేరే విమానంలో పంపాలి, లేదా సొమ్ము తిరిగి ఇవ్వాలి. నిబంధన అదే. కానీ కంపెనీయే మూతపడితే ఇచ్చే చెయ్యి ఉండదు. దివాలా కేసును ట్రిబ్యునల్ స్వీకరించగానే ఆ కంపెనీపై కొత్త దావాలు వేయడానికి వీలులేకుండా చట్టం అడ్డుపడుతుంది. ప్రయాణికుడు చేయగలిగిందల్లా తనకు రావలసిన మొత్తం ఇంత అని, ఆధారాలతో గడువులోగా క్లెయిము పెట్టుకోవడమే.

కంపెనీ ఆస్తులు అమ్మినా ముందుగా దివాలా ప్రక్రియ ఖర్చులు పోతాయి. ఆ తర్వాత కార్మికుల బకాయిలు, తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకులు. టిక్కెట్టు కొన్నవారి వంతు వరుసలో బాగా వెనుక వస్తుంది. పైగా ఏళ్లు పడుతుంది. 2019లో ఆగిన జెట్ ఎయిర్‌వేస్ ఆస్తులు అమ్మివేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది 2024 నవంబరు 7న. గో ఫస్ట్ విషయంలో ట్రిబ్యునల్ అలాంటి ఉత్తర్వు 2025 జనవరిలో ఇచ్చింది. వడ్డీ మాత్రం అంతకాలం ఆగదు కదా!

రెండు నెలల సెలవుపై ఊరికి వచ్చిన కూలీ సంగతే తీసుకుందాం. తిరుగు ప్రయాణానికి 18 వేలు పెట్టి టిక్కెట్టు కొన్నాడనుకుంటే, కంపెనీ మూతపడిన రోజున ఆ సొమ్ము పోయినట్లే. సెలవు దాటితే కొలువుకే ఎసరు. కనుక మళ్లీ అప్పు చేసి మరో టిక్కెట్టు కొనాలి. ఒక కంపెనీ విమానాలు ఆగిన రోజుల్లో మిగతావాటి ధరలు పెరగడం మామూలే. ఒక్క ప్రయాణానికి రెండు టిక్కెట్ల అప్పు మెడకు పడుతుంది.

బీమా ఉంటే చాలదు

ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది కదా అని కొందరు ధీమాగా ఉంటారు. ప్రమాదంలో మరణిస్తే, లేదా శాశ్వతంగా అవిటివారైతే 10 లక్షల రూపాయలు ఇచ్చే పథకమది. విమాన కంపెనీ దివాలాకు, దానికి సంబంధం లేదు. టిక్కెట్టుతో పాటు అంటగట్టే ప్రయాణ బీమాలు కూడా సామాను పోయినా, జబ్బు చేసినా, విమానం ఆలస్యమైనా ఇస్తాయి గానీ, కంపెనీ దివాలాను చాలా పాలసీలు మినహాయిస్తాయి. ఎక్కువ మంది చదవకుండా వదిలేసే చిన్న అక్షరాల్లో ఉండేది ఇదే.

దివాలాకు వర్తించే పాలసీలోనూ మెలికలుంటాయి. కంపెనీ కష్టాల్లో ఉందని పత్రికల్లో వచ్చాక తీసుకున్న పాలసీ చెల్లకపోవచ్చు. చెల్లించే మొత్తానికి పరిమితి ఉంటుంది. బ్యాంకు నుంచో, మరోచోట నుంచో తిరిగి వచ్చే సొమ్మును మినహాయిస్తారు. అందుకే టిక్కెట్టు కొన్న రోజునే, 'విమాన కంపెనీ దివాలా తీస్తే ఇస్తారా?' అని సూటిగా అడిగి, ఆ మాట పాలసీలో ఎక్కడుందో చూపించమనాలి.

బ్రిటన్‌లో ఎలా ఉంది?

మన పిల్లలు చదువులకు వెళుతున్న బ్రిటన్‌లో కొంత రక్షణ ఉంది. బస, విమానం కలిపి ప్యాకేజీగా కొన్నవారికి 'అటాల్' అనే ఏర్పాటు 1973 నుంచి ఉంది. 2019 సెప్టెంబరులో థామస్ కుక్ మూతపడినప్పుడు విదేశాల్లో చిక్కుకున్న లక్షా 40 వేల మందికి పైగా ప్రయాణికులను అక్కడి ప్రభుత్వమే ఇళ్లకు చేర్చింది. అయితే విమాన కంపెనీ వద్ద నేరుగా టిక్కెట్టు మాత్రమే కొన్నవారికి సాధారణంగా అటాల్ వర్తించదు. వారు విడిగా దివాలా బీమా తీసుకోవడమో, 100 పౌండ్లు దాటిన టిక్కెట్టును క్రెడిట్ కార్డుతో కొని బ్యాంకును బాధ్యురాలిని చేయడమో చేస్తారు.

ఇక్కడ చేయగలిగినవి

మన దగ్గర కూడా కార్డుతో చెల్లిస్తే, అందని సేవకు సొమ్ము తిరిగి ఇప్పించమని బ్యాంకుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. గడువు ఉంటుంది కాబట్టి వార్త తెలిసిన రోజే బ్యాంకుకు వెళ్లాలి. ఏజెంటు తన కార్డుతో కొంటే వచ్చే సొమ్ము కూడా ముందు ఆయన ఖాతాకే చేరుతుంది. రొక్కమిచ్చినవారి చేతిలో రశీదు లేకపోతే అడిగే నోరే ఉండదు. కనుక ఇచ్చిన మొత్తం, తేదీ, టిక్కెట్టు నంబరు రాసిన రశీదు తప్పనిసరి. ఏజెంటు మోసం చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పుకోవచ్చు. బీమా కంపెనీ ఎగవేస్తే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, నెలలోగా పరిష్కరించకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు.

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమెందుకు? టిక్కెట్టు కొనేముందు అడిగే ఒక్క ప్రశ్న, తీసుకునే ఒక్క రశీదు రెండో అప్పు పత్రాన్ని తప్పించగలవు. గల్ఫ్ కార్మికుల తప్పనిసరి బీమాలోనే విమాన కంపెనీ దివాలాను కూడా చేర్చితే పల్లెల్లోని ఎన్నో కుటుంబాలకు ఊరట కలుగుతుంది. ప్రభుత్వం ఈ దిశగా ఆలోచించడం అవసరం.