తాకకుండా ఆడలేని ఆట

మనం ఆడే ఆటల్లో చాలావాటిని దూరంగా ఉండే ఆడవచ్చు. క్రికెట్‌లో బంతి వేసేవాడికీ కొట్టేవాడికీ నడుమ ఇరవై రెండు గజాల ఎడం. వాలీబాల్‌కు అడ్డంగా వల. కబడ్డీలో తాకుతారు గానీ, తాకి గీత దాటి పారిపోవడమే అందులోని నేర్పు. కుస్తీకి ఆ వెసులుబాటు లేదు. ఎదుటివాడి మెడ మీద చెయ్యి వేయాలి, అతని చెమట మన ముఖానికి అంటాలి, ఛాతీకి ఛాతీ ఆన్చి ఆరు నిమిషాలు పెనుగులాడాలి. అంటరానితనాన్ని రాజ్యాంగం పదిహేడవ అధికరణంలో రద్దు చేసిన దేశంలో, కులం గురించి ఇంత చర్చ జరిగే రాష్ట్రంలో, ఈ ఆట ఎవరి ఆలోచనలోకీ రాకపోవడం నాకు వింతగా తోస్తుంది.

నాది కాసిపేట. మా నాన్న కోల్‌ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో బొగ్గును టబ్బులకెత్తడం ఆయన పని. భూగర్భంలో ఆ పనికి దిగినవారిలో మాల, మాదిగ, వెనుకబడిన కులాలు, ఆదివాసీల కుటుంబాలవారే ఎక్కువ. కండబలమే వారి అర్హతాపత్రం. తరువాత ఎత్తిపోసే యంత్రాలు వచ్చాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉంది. బలాన్ని కొనుక్కున్న పరిశ్రమకు ఆ బలం అవసరం తీరిపోయింది. ఆ తండ్రుల భుజాలే పిల్లలకూ వచ్చాయి. వాటితో ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. సెక్యూరిటీ గార్డు యూనిఫాం వాటికి బాగా అమరుతుందని కాంట్రాక్టర్లు కనిపెట్టారు.

బొగ్గు గనుల ప్రాంతంలోని ఒక డిగ్రీ కళాశాలలో నేను ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. కొన్నేళ్లుగా అక్కడ కుస్తీ నేర్పాలని ప్రయత్నిస్తున్నాను. మొదలుపెట్టిన వారంలోనే ఒక విద్యార్థి వచ్చి, "సార్, నాకు జత మార్చండి" అన్నాడు. కారణం అడిగితే తల వంచుకున్నాడు. అంతకుముందు రోజే అతను తన జతగాణ్ణి "మీది ఏ వాడ?" అని అడిగిన సంగతి తరువాత తెలిసింది. మన ఊళ్లలో ఆ ప్రశ్నకు వచ్చే జవాబు చిరునామా ఒక్కటే కాదని పాఠకులకు చెప్పనక్కర లేదు. పెద్దవారైన ఒక అధ్యాపకుడు నన్ను పక్కకు పిలిచి, "పిల్లల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు? కాస్త చూసి జతలు కట్టండి" అని హితవు చెప్పారు. కుస్తీలో జతను తేల్చేది తూకం. తూకం యంత్రానికి ఇంటిపేర్లు తెలియవు. నేను జత మార్చలేదు. ఆ అబ్బాయి క్రికెట్‌కు వెళ్లిపోయాడు. అక్కడ అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

తెలుగువారికి మల్లుల చరిత్ర లేకపోలేదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన బడిలోనే వ్యాయామోపాధ్యాయుడయ్యాడు. ఆ తరువాత సర్కస్ కంపెనీ పెట్టి ప్రపంచానికి పరిచయమయ్యాడు. ఆయన ఛాతీ మీద ఏనుగు నిలిచిన కథ అందరికీ తెలుసు. ఆయన ఉపాధ్యాయుడన్న సంగతి కొందరికే తెలుసు. మనం బలవంతుణ్ణి అద్భుతంగా గుర్తుపెట్టుకుంటాం. బలాన్ని పాఠంగా మార్చే సంస్థను కట్టం. హైదరాబాదులో ధూల్‌పేటకు, బార్కస్‌కు తాలీంల సంప్రదాయం ఉంది. అయితే అది కుటుంబాల నుంచి, బస్తీల నుంచి సంక్రమించే విద్య. మందమర్రి నుంచో బెల్లంపల్లి నుంచో వెళ్లే దళిత విద్యార్థికి అక్కడ ఉస్తాద్ ఎవరు, పరిచయం చేసేదెవరు?

సంస్థ కట్టినవారు మనకు పొరుగునే ఉన్నారు. 1902లో తన సంస్థానపు కొలువుల్లో వెనుకబడిన వర్గాలకు సగం కేటాయించిన కొల్హాపూర్ శాహూ మహారాజే ఖాస్‌బాగ్ కుస్తీ మైదానాన్నీ కట్టించాడు. గంగారాం కాంబ్లే అనే దళితుడి చేత హోటల్ పెట్టించి, అక్కడికి వెళ్లి టీ తాగినవాడూ ఆయనే. ఈ మూడింటినీ వేర్వేరు కథలుగా చెప్పడం మనకు అలవాటు. నాకవి ఒకే కథ. ఆ ఊరి రాజారాం కళాశాల విద్యార్థి ఖాశాబా జాధవ్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఆరో స్థానంలో నిలిచాడు. 1952లో హెల్సింకీ వెళ్లడానికి డబ్బు చాలకపోతే, ఆ కళాశాల ప్రిన్సిపాల్ ఖర్డేకర్ తన ఇంటిని తాకట్టు పెట్టి ఏడు వేల రూపాయలు ఇచ్చాడు. స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం అలా వచ్చింది. జాధవ్ దళితుడు కాడు. కానీ గోదా, కళాశాల, రిజర్వేషన్ ఒకే నేలలో మొలవడం యాదృచ్ఛికమని నేననుకోను.

ఇటీవలి ఉదాహరణ అమెరికాది. బాల్టిమోర్‌లోని మోర్గన్ స్టేట్ చారిత్రకంగా నల్లజాతి విద్యార్థుల విశ్వవిద్యాలయం. 1997లో అక్కడ కుస్తీ జట్టును రద్దు చేశారు. 2021లో ఇరవై ఏడు లక్షల డాలర్ల విరాళంతో తిరిగి ప్రారంభిస్తామని ప్రకటించారు. శిక్షకుడిగా వచ్చినవాడు కెన్నీ మండే. 1988 సియోల్‌లో బంగారు పతకం గెలిచి, కుస్తీలో ఆ ఘనత సాధించిన తొలి నల్లజాతి అమెరికన్ అయ్యాడు. అతని ఊరు టల్సా. చదివింది బుకర్ టి. వాషింగ్టన్ హైస్కూల్లో. 1921లో శ్వేతజాతి మూకలు గ్రీన్‌వుడ్ నల్లవాడను తగలబెట్టినప్పుడు రెడ్‌క్రాస్ సహాయ కేంద్రం నడిచింది ఆ బడిలోనే. అలాంటి బడి నుంచి వచ్చినవాడు అరవై దాటిన వయసులో, జట్టే లేని చోట జట్టును కట్టడానికి పూనుకున్నాడు. అమెరికా కళాశాలల కుస్తీలో అత్యున్నత శ్రేణి డివిజన్-1. అందులో పురుషుల జట్టు గల నల్లజాతి విశ్వవిద్యాలయం మోర్గన్ ఒక్కటే. ఒక విరాళం, ఒక శిక్షకుడు, కొన్ని ఉపకార వేతనాలు: ఆ ముగ్గురు నలుగురి మెహర్బానీ మీదే ఆధారపడ్డ ఏర్పాటు ఎంతకాలం నిలుస్తుందన్న అనుమానం నాకూ ఉంది. కానీ మన దగ్గర ఆ అనుమానం పడేందుకు కూడా ఏమీ లేదు.

మనకు కావలసింది పెద్దదేమీ కాదు. పన్నెండు మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మ్యాట్ ఒకటి. ఏటేటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూడక్కర లేని శిక్షకుడు ఒకరు. తరువాత తిండి. తిండి దగ్గర కులం మళ్లీ ఎదురొస్తుంది. సంప్రదాయ అఖాడాలో పహిల్వాన్ ఆహారమంటే పాలు, నెయ్యి, బాదం. మా పిల్లలకు అందుబాటులో ఉన్న మాంసకృత్తులు గుడ్డు, గొడ్డుమాంసం. మొదటిది పవిత్రం, రెండోది నోట పలకరానిది అయిన చోట, దేహదారుఢ్యం గురించిన ప్రతి ఉపన్యాసమూ వారికి తమ ఇంటి పొయ్యిని దాచుకోమనే చెబుతుంది. నేను నా విద్యార్థులకు మాంసకృత్తుల లెక్క చెబుతాను, పవిత్రత లెక్క చెప్పను.

ఆడపిల్లల సంగతి మరీ కష్టం. 2016లో సాక్షి మలిక్ రియోలో పతకం గెలిచినప్పుడు తండ్రులను ఒప్పించడం కొంత తేలికైంది. 2023లో అదే సాక్షిని జంతర్‌మంతర్ దగ్గర పోలీసులు ఈడ్చుకెళ్లడాన్ని వారు టీవీలో చూశారు. "అంత పెద్దవాళ్లకే దిక్కు లేకపాయె, మా బిడ్డకు ఎవరున్నరు సారూ?" అని ఒక తల్లి అడిగింది. ఆ ప్రశ్నకు పతకాల పట్టిక జవాబు కాదు. ప్రతి శిక్షణ కేంద్రంలోనూ ఫిర్యాదుల కమిటీ ఉండాలి, మహిళా శిక్షకురాలు ఉండాలి. అవి లేకుండా అమ్మాయిలను పంపమని అడిగే హక్కు మాకు లేదు.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసం 2015 చట్ట సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టులు ఏర్పడ్డాయి. విద్య, స్త్రీ శిశు సంక్షేమం వాటి ప్రాధాన్యాల్లో ఉన్నాయి. రోడ్లకూ ప్రహరీ గోడలకూ ఆ నిధి చాలినప్పుడు మ్యాట్‌కు చాలదా? బొగ్గు మా ఊళ్ల కింద నుంచే వెళ్లింది. విద్యార్థి సంఘాలు ఉపకార వేతనాల బకాయిల కోసం కలెక్టరేట్ల ముందు కూర్చుంటున్నాయి, కూర్చోవలసిందే. ఆ వినతిపత్రంలో కుస్తీ మ్యాట్, శాశ్వత శిక్షకుడు అన్న రెండు పద్దులు కూడా చేర్చమని వారిని అడుగుతున్నాను. ముసాయిదా నేను రాసి ఇస్తాను.