చిన్న పంపు: చేయగల పని, చేయరాని పని

తాటిచెట్టు నుండి దింపిన కల్లు పులియుటకు యంత్రమేదియు అక్కరలేదు. ఉదయమున తియ్యగా నున్నది సాయంత్రమునకు తనంతట తానే పులిసిపోవును. బీరు అట్లు కాదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీట నానబెట్టి, ఆ తీపిరసమును వడగట్టి, హాప్సు పూలతో మరగించి, చల్లార్చి, పిమ్మట ఈస్టు కలుపవలెను. మరగిన రసమును పాత్రనుండి పాత్రకు మార్చుటయే ఇందులో ప్రమాదకరమైన ఘట్టము. శ్రీకాకుళం జిల్లా రణస్థలం ప్రాంతమందలి బీరు కర్మాగారము వంటి చోట్ల ఈ పని పెద్ద పంపులది. బ్రిటనులో 1963లో లైసెన్సు నిబంధన తొలగిన పిదపను, అమెరికాలో 1979లో కొత్త కేంద్రచట్టము అమలైన పిదపను, ఇంటివాడుకకు బీరు కాచుకొనువారు చిన్న పంపులను వెదకసాగిరి. మన రాష్ట్రములో 1968 నాటి ఎక్సైజు చట్టము ప్రకారము లైసెన్సు లేక మద్యము తయారుచేయుట నేరము. అయినను ఆ పంపులు నేర్పిన పాఠము మన వంటింటికిని పనికివచ్చును.

మన పొలములలోని ఏతము బానతో నీటిని పట్టి పైకెత్తును. చిన్న పంపు పద్ధతి వేరు. దాని లోపలి రెక్కలచక్రము గిరగిర తిరిగి ద్రవమును అంచులకు విసరును. నడుమ ఒత్తిడి తగ్గగా, వెలుపలి గాలి ఒత్తిడి కొత్త ద్రవమును లోనికి నెట్టును. గాలి నిండిన పంపు ఈ పని చేయజాలదు. కావున పంపును పాత్రకంటె దిగువన ఉంచి, ద్రవము తానుగా వచ్చి నిండునట్లు చూడవలెను. ప్రవాహమును తగ్గింపదలచినచో బయటకు పోవు గొట్టమునకే కుళాయి బిగింపవలెను. లోనికి వచ్చు దారిని ఇరుకు చేయరాదు. ఏలయన, మరుగుటకు సిద్ధముగా నున్న ద్రవము ఒత్తిడి తగ్గిన చోట ఆవిరి బుడగలై, ప్రవాహము నిలిచిపోవును.

పెట్టెపై “గరిష్ఠపు ఎత్తు 2 మీటర్లు” అని ఉన్నచో, ఆ ఎత్తున ధార పారునని అర్థము కాదు. అచ్చటితో ప్రవాహము ఆగునని అర్థము.

ఇక మన ఇండ్లలోని ఎయిర్ కూలరు పంపు సంగతి. అది చవక, కాని చల్లని నీటికై చేసినది. మరుగు ద్రవమునకు దాని ప్లాస్టిక్ తాళజాలదు. ఆహారమునకు తగినదనియు చెప్పజాలము. అట్టి పనికి వేడిని ఓర్చునట్టియు, ఆహారమునకు తగినట్టియు పదార్థముతో చేసిన పంపు కావలెను. ఇరుసు బదులు అయస్కాంతము చక్రమును త్రిప్పు పంపులు ఇందుకు మేలు. మోటారు ద్రవమును తాకదు.

అయితే చవక పంపునకును ఒక మంచి పనియున్నది. వేసవిలో విజయనగరమున కుళాయినీరే వెచ్చగా నుండును. ఆ నీటితో దేనిని చల్లార్చినను అది ఆ నీటికంటె చల్లబడదు. బీరు కాచువారు రసపాత్రలో రాగిగొట్టపు చుట్ట ముంచి, దానిగుండ మంచునీటిని మరల మరల త్రిప్పుదురు. ఇచట పంపు తాకునది నీటిని మాత్రమే. పెండ్లిలో కాచిన పాలగుండిగను తోడుపెట్టుటకు త్వరగా చల్లార్చవలసినప్పుడును ఇదే ఉపాయము: గుండిగను తొట్టెలో నిలిపి, మంచు వేసిన నీటిని దాని చుట్టును ప్రవహింపజేయవలెను. నీరు అంచు దాటి పాలలో పడకుండ మట్టము చూచుకొనవలెను.

నీట చేయి పెట్టుటకు ముందు ప్లగ్గు తీయుడు. నీరు లేక పంపును నడుపకుడు. ఎత్తైన అరుగున్నచో మాత్రము పంపే వలదు; పల్లమునకు పారుట ద్రవమునకు సహజము, దానికి ఖర్చు లేదు.