రువాండా: అనాథల ఆలనలో నిలిచిన క్షమ

1994 ఏప్రిల్ 7న మొదలై దాదాపు వంద రోజులు సాగిన రువాండా మారణహోమంలో, ఐక్యరాజ్యసమితి అంచనా ప్రకారం, సుమారు 8 లక్షల మంది హతులయ్యారు. వారిలో అత్యధికులు టుట్సీ వర్గంవారు కాగా, ఈ హత్యలను వ్యతిరేకించిన హుటూ వర్గంవారు కూడా ప్రాణాలు కోల్పోయారు. చంపినవారూ చనిపోయినవారూ ఎక్కువగా క్రైస్తవులే కావడం, శరణు కోరి జనం చేరిన చర్చిలే వధ్యశాలలు కావడం ఈ విషాదానికున్న మరో ముఖం. స్మారకంగా మార్చిన న్యమాటా చర్చిలో మృతుల దుస్తులను బల్లలపై కుప్పలుగా భద్రపరిచారు. న్యాంగేలో శరణార్థులు లోపల ఉండగానే చర్చిని బుల్డోజర్లతో కూల్చడానికి సమ్మతించిన కతోలిక గురువు అథనాస్ సెరోంబాకు 2008లో రువాండా అంతర్జాతీయ నేర ట్రిబ్యునల్ అప్పీలులో జీవితఖైదు విధించింది. 2017లో పోప్ ఫ్రాన్సిస్ చర్చి పాపాలకూ దాని సభ్యుల పాపాలకూ దేవుని క్షమాపణ వేడుకున్నారు.

అందువల్ల రువాండాలో క్షమను బోధించే అర్హతను చర్చి ముందుగా పశ్చాత్తాపంతో సంపాదించుకోవలసి వచ్చింది. క్రైస్తవ బోధలో క్షమించడమంటే నేరాన్ని మరచిపోవడమో శిక్షను రద్దు చేయడమో కాదు. దేవుడు తనను క్షమించాడని నమ్మిన మనిషి, ప్రతీకారం తీర్చుకునే హక్కును తానుగా వదులుకోవడం. అది అన్యాయానికి గురైన వ్యక్తి స్వేచ్ఛగా ఇచ్చేదే కనుక, తల్లిదండ్రులను పోగొట్టుకున్న బిడ్డను క్షమించమని ఒత్తిడి చేయడం ఆ బోధకే విరుద్ధం.

బాధితులకు క్షమ కన్నా ముందు కావలసింది సత్యం. ఊరి పెద్దలు పచ్చికపై కూర్చుని తగవులు తీర్చే సంప్రదాయ సభలైన గచాచాలను ప్రభుత్వం న్యాయస్థానాలుగా మలచగా, 2012లో ముగిసేనాటికి అవి సుమారు 19 లక్షల కేసులను విచారించాయి. నేరాన్ని ఒప్పుకుని మృతదేహాలను ఎక్కడ పడవేశారో చెప్పినవారికి శిక్ష తగ్గేది. ఆ ఆచూకీ దొరికాకే ఎందరో బాధితులు తమవారి ఎముకలను వెలికితీసి, కడిగి, మర్యాదగా ఖననం చేయగలిగారు. మరోవైపు బుగెసెరా జిల్లాలోని మ్బ్యో వంటి గ్రామాల్లో, ఒక క్రైస్తవ సంస్థ చొరవతో, విడుదలైన ఖైదీలూ బాధితులూ కలిసి ఇళ్లు కట్టుకుని ఇరుగుపొరుగుగా జీవిస్తున్నారు.

అయితే యునిసెఫ్ అంచనా ప్రకారం ఈ మారణహోమం సుమారు 95 వేల మంది పిల్లలను అనాథలను చేసింది. ఎన్నో ఇళ్లలో పెద్దక్కో పెద్దన్నో బడి మానేసి, పొలం పనీ వంటా చూసుకుంటూ తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ పెంచారు. తండ్రి భూమిపై ఆడపిల్లకు హక్కు లేక ఇలాంటి కుటుంబాలు నిలువనీడ కోల్పోయే ప్రమాదం ఏర్పడగా, 1999లో వచ్చిన వారసత్వ చట్టం కూతుళ్లకూ సమాన వాటా కల్పించింది. 2012లో ప్రభుత్వం అనాథాశ్రమాల్లోని పిల్లలను కుటుంబాలకు చేర్చే కార్యక్రమం చేపట్టింది. అలా పిల్లలను చేరదీసి పెంచేవారిని అక్కడ 'మలాయికా మురింజి', అంటే రక్షక దూత అని గౌరవిస్తారు.

క్షమా సంరక్షణా ఒకటైన తీరుకు పొరుగు దేశమైన బురుండీ గొప్ప నిదర్శనం. 1993 అక్టోబర్ 24న రుయిగిలోని బిషప్ నివాసంలో దాగిన 72 మందిని కతోలిక విశ్వాసి మార్గరీట్ బరాంకిట్సే కళ్లెదుటే చంపారు. హంతకులు తన టుట్సీ వర్గంవారే అయినా, ఆమె 25 మంది పిల్లలను కాపాడి, 'మేజోన్ షాలోమ్' అనే శాంతి నిలయాన్ని స్థాపించి, హుటూ, టుట్సీ, ట్వా వర్గాల పిల్లలను ఒకే పంక్తిన కూర్చోబెట్టి పెంచారు.

అనాథలనూ విధవలనూ ఆదుకోవడమే దేవుని ఎదుట నిష్కళంకమైన భక్తి అని యాకోబు పత్రిక బోధిస్తుంది. నిన్నటి హంతకుణ్ణి క్షమించాలా వద్దా అన్నది అనాథ అయిన బిడ్డ పెద్దయ్యాక తానే తేల్చుకోవలసిన విషయం. ఆ బిడ్డకు అన్నం, చదువు, ఆస్తిహక్కు, తనవారనే భరోసా అందించడం మాత్రం సమాజం ఈనాడే తీర్చవలసిన బాధ్యత. ఈ బాధ్యతను విస్మరించి క్షమను ఉపదేశించే మతం, బాధితుల మీద మరో భారాన్ని మోపుతుందే తప్ప వారి గాయాన్ని మాన్పలేదు.